ప్రొఫెసర్‌కు రాసే మొదటి మెయిల్‌లో మీ ఊరి బోరుబావి ఉండాలి

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు చెబుతాను. మీది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక ఊరు. నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేశారు. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం మీ మండలంలోని నలభై బోర్ల నీళ్లు పట్టి ఫ్లోరైడ్ కొలిచారు. పీహెచ్‌డీ కోసం రెండు నెలల్లో అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియా ప్రొఫెసర్లకు నూట ఇరవై మెయిళ్లు పంపితే మూడు జవాబులు వచ్చాయి. మూడూ మర్యాదగా కాదన్నవే. ‘మా యూనివర్సిటీ పేరు ఎవరికీ తెలియకపోవడం వల్లేనా? ఇలా రాయడం మానేసి నేరుగా దరఖాస్తు చేయనా?’ అని అడిగారు. పంపిన మెయిల్, సీవీ, ప్రాజెక్టు నివేదిక కూడా పెట్టారు. మంచి పని చేశారు. అవి చూడకుండా నేనేం చెప్పినా ఊకదంపుడే అయ్యేది.

నాదీ ఆ ప్రాంతమే. దేవరకొండలో ఇంటర్, నల్లగొండలో డిగ్రీ, ఆ తర్వాత హైదరాబాద్, ఆపైన విదేశంలో పీహెచ్‌డీ. పదకొండేళ్లుగా భూగర్భజలాల గురించి పాఠాలు చెబుతున్నాను. నా దగ్గర పరిశోధన చేస్తామంటూ వారానికి ఐదారు మెయిళ్లు వస్తాయి. జవాబు కోసం రోజుకు పదిసార్లు మెయిల్ తెరిచి చూసుకోవడం ఎలా ఉంటుందో తెలుసు. వచ్చిన మెయిల్‌ను అర నిమిషంలో మూసేయాల్సి రావడం ఎలా ఉంటుందో కూడా తెలుసు.

మీ యూనివర్సిటీ పేరు చూసి మిమ్మల్ని ఎవరూ పక్కన పెట్టలేదు. అంతదూరం చదివి ఉండరు. మీ మెయిల్ మొదటి పేరాను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంది: ‘గౌరవనీయులైన సర్, ప్రతిష్ఠాత్మకమైన మీ విశ్వవిద్యాలయంలో మీ అమూల్యమైన మార్గదర్శకత్వంలో పరిశోధన చేసే అవకాశం ప్రసాదించవలసిందిగా ప్రార్థన. నాకు నీటి రసాయనశాస్త్రం, నానో పదార్థాలు, పర్యావరణం, ఔషధాల తయారీలో అమితమైన ఆసక్తి ఉంది.’ ఇందులో మర్రిగూడ అన్న మాట లేదు. బోరు లేదు. ఫ్లోరైడ్ అన్న పదం సీవీ రెండో పేజీ అడుగున, ప్రాజెక్టు శీర్షికలో ఒక్కసారి కనిపించింది. ఈ నమూనా ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చారని రాశారు. అదే నమూనా, అవే విశేషణాలతో, నాకు ఏటా పదుల సంఖ్యలో వస్తుంది. ఈమధ్య చాట్‌బాట్‌తో రాయించినవి ఎక్కువయ్యాయి. వాటిలో ఇంగ్లిష్ నున్నగా ఉంటుంది, మనిషి మాత్రం కనిపించడు.

ఇక ఊరి పేరు సంగతి. నీళ్లలో ఫ్లోరైడ్ మీద పనిచేసేవాళ్లు ఏ దేశంలో ఉన్నా నల్లగొండ పేరు వినే ఉంటారు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. అది టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. పటిక ఎక్కువ పట్టడం, శుద్ధిచేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలిపోవడం, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలో తెలియకపోవడం వంటి లోపాల గురించి ఇప్పటికీ వ్యాసాలు వస్తున్నాయి. మీ జిల్లా పేరు ఇంతగా నలిగిన రంగంలోకి వెళ్తూ, ఆ పేరునే దాచిపెట్టి రాశారు. నాకు బాధనిపించింది అక్కడే.

అవతలి వ్యక్తి ఏం ఆలోచిస్తారో చెబుతాను. మీ మెయిల్ తెరిచినప్పుడు ఆయనకో ఆమెకో మూడు సందేహాలు ఉంటాయి. వచ్చే ఏడాది కొత్త విద్యార్థిని తీసుకోవడానికి నా దగ్గర డబ్బుందా? ఈ మనిషికి నా పని ఏమిటో తెలుసా? ఐదేళ్లు ఓపికగా నిలబడతారా? మొదటిది మీ చేతిలో లేదు. అమెరికాలో సైన్సు పీహెచ్‌డీ విద్యార్థి ఫీజూ స్టైపెండూ చాలావరకు ప్రొఫెసర్ తెచ్చుకున్న గ్రాంటు నుంచో, విభాగం ఇచ్చే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ నుంచో వస్తాయి. గ్రాంటు అయిపోయిన ప్రొఫెసర్ మీ మెయిల్ ఎంత బాగున్నా ఏమీ చేయలేరు. ఈ విషయం మీరు ముందే కొంత తెలుసుకోవచ్చు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వెబ్‌సైట్‌లో ప్రొఫెసర్ పేరు కొడితే ఏ గ్రాంటు ఎప్పుడు మొదలైంది, ఎప్పటికి ముగుస్తుంది, ఎంత మొత్తం అన్నది కనిపిస్తుంది. ప్రాజెక్టు సారాంశం కూడా ఉంటుంది. జర్మనీకైతే అక్కడ పరిశోధనలకు డబ్బిచ్చే డీఎఫ్‌జీ సంస్థవారి గెప్రిస్ అనే ఇలాంటి వెబ్‌సైట్ ఉంది. కొత్త గ్రాంటు మొదలైన ప్రొఫెసర్‌కు మనుషులు కావాలి. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఇంకా ఎక్కువ కావాలి. పేరు మోసినవాళ్లకే రాయాలన్న పట్టుదల వదిలేయండి. నా గైడ్ నన్ను తీసుకునేనాటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయింది. నా మొదటి వ్యాసం ప్రతి వాక్యాన్నీ పక్కన కూర్చోబెట్టుకుని దిద్దారు.

అసలు రాయాలా వద్దా అన్నది దేశాన్ని బట్టి, కోర్సును బట్టి ఉంటుంది. అమెరికాలో ఫీజు కట్టి చదివే ఎంఎస్‌కు ముందుగా ప్రొఫెసర్లకు రాయనక్కర్లేదు. జీవశాస్త్రాల్లో చాలా విభాగాలు మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిప్పి, ఆ తర్వాతే గైడ్‌ను ఎంచుకోమంటాయి. అక్కడ మెయిల్ పెద్దగా పనిచేయదు. మీ రంగంలో, అంటే భూరసాయన శాస్త్రం, జలవనరుల వైపు, ఫలానా ప్రొఫెసర్ ఈ విద్యార్థి కావాలంటేనే కమిటీ మొగ్గుతుంది. కాబట్టి రాయాలి. అయినా సీటు ఇచ్చేది కమిటీయే. ప్రొఫెసర్ ఎంత బాగా మాట్లాడినా దరఖాస్తు మానకూడదు. ఆస్ట్రేలియాలో ఎక్కువ చోట్ల గైడ్ ఒప్పుకున్నాకే దరఖాస్తు. జర్మనీలో విడిగా చేసే పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కోవడమే మొదటి మెట్టు. అక్కడ చాలా పీహెచ్‌డీ స్థానాలను ఉద్యోగాల్లాగే ప్రకటిస్తారు. ప్రకటన ఉంటే అందులో చెప్పిన పద్ధతిలోనే దరఖాస్తు చేయండి.

మన దేశాన్ని మీరు లెక్కలోకే తీసుకోలేదు. తీసుకోండి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లు కూడా లేనివారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అందుకే ఇక్కడ గైడ్‌ను అడగాల్సిన మొదటి మాట ‘మీ దగ్గర ఖాళీ ఉందా సార్’ అన్నదే. అది మెయిల్‌లో అడగడం కన్నా, ముందు ఫోనులో సమయం తీసుకుని, నివేదిక చేత్తో పట్టుకుని విభాగానికి వెళ్లడం మంచిది. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్ మీ పేరునే వస్తుంది. గైడ్‌కు డబ్బు చింత ఉండదు కనుక మాట సులువవుతుంది. మీ అంశానికైతే హైదరాబాద్ హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, చౌటుప్పల్ దగ్గర, గ్రానైట్ రాళ్లలో నీటి కదలికను పరిశీలించడానికి వాళ్లు బోర్లతో ఒక క్షేత్రం నడుపుతున్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో అధ్యయనం చేసే నేల మీ ఊరికి ఒక పూట ప్రయాణంలో ఉంది.

ఇప్పుడు మెయిల్ సంగతి. మీ నివేదిక మొత్తం చదివాను. ముప్ఫై ఒకటో పేజీలోని పట్టిక దగ్గర ఆగిపోయాను. గ్రానైట్ నేలల్లో సాధారణంగా కాల్షియం తక్కువున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటుంది. రెండూ ఎక్కువైతే కాల్షియం ఫ్లోరైడ్‌గా కలిసి కొంత అడుగున పడిపోతుంది కనుక. మీ బోర్లలో చాలావరకు ఇదే కనిపించింది. కానీ పదిహేడు, పద్దెనిమిది, ఇరవై మూడు నంబర్లలో ఫ్లోరైడూ ఎక్కువే, కాల్షియమూ ఎక్కువే. పక్క గడిలో ఆ మూడూ ఎక్కడున్నాయో మీరే రాశారు: బత్తాయి తోటలో. దాని మీద నివేదికలో ఒక్క వాక్యం కూడా లేదు! ఏళ్ల తరబడి బోరు నీళ్లే తోటకు పెడతారు. ఎండకు కొంత ఆవిరవుతుంది. మిగిలినది లవణాలు చిక్కబడి మళ్లీ కిందికి ఇంకి అదే బోరులోకి చేరుతుంది. అలా జరిగిందా, లేక వేరే కారణమా? పరిశోధన మొదలయ్యేది ఇలాంటి చోటే. ఈ ప్రశ్న నూట ఇరవై మందికి పంపలేరు. పన్నెండు మందికి పంపగలరు. ఆ పన్నెండు మందీ దీన్ని ఆపకుండా చదువుతారు.

ఆ పన్నెండు మందిని వెతకడానికి కనీసం మూడు వారాలు తీసుకోండి. గూగుల్ స్కాలర్‌లో సాగునీరు, ఫ్లోరైడ్, గ్రానైట్ మాటలతో మొదలుపెట్టి, గత నాలుగైదేళ్ల వ్యాసాలు చూడండి. సారాంశం చదివి సరిపెట్టుకోవద్దు. ఒక్కొక్కరిది ఒక వ్యాసమైనా బొమ్మలు, పట్టికలతో సహా పెన్ను పట్టుకుని చదవండి. చివర కృతజ్ఞతల్లో డబ్బు ఎవరిచ్చారో ఉంటుంది. వ్యాసంలో మొదటి పేరు ఎవరిదో చూడండి. విద్యార్థుల పేర్లు ముందు వస్తుంటే ఆ ల్యాబులో పని చేసినవాళ్లకు గుర్తింపు దక్కుతోందని అర్థం. ల్యాబు వెబ్‌సైట్‌లో కొత్త విద్యార్థుల కోసం విడిగా ఒక పేజీ ఉంటే తప్పకుండా చదవండి. కొందరు మెయిల్ శీర్షికలో ఫలానా పదం పెట్టమంటారు, కొందరు అసలు మెయిల్ పంపవద్దంటారు. చెప్పినట్టు చేయండి.

ఆ తర్వాత మీ మెయిల్ దాదాపు ఇలా ఉండాలి. ఇంగ్లిష్‌లో మీ మాటల్లోనే రాయండి, భావం ఇక్కడ ఇస్తున్నాను.

‘ప్రొఫెసర్ ఫలానా గారికి. నేను నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేశాను. ప్రాజెక్టులో భాగంగా దక్షిణ తెలంగాణలోని మర్రిగూడ మండలంలో నలభై బోర్ల నీళ్లను వానలకు ముందు, తర్వాత సేకరించి, అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్ కొలిచాను. ఎక్కువ బోర్లలో కాల్షియం తగ్గినచోట ఫ్లోరైడ్ పెరిగింది. బత్తాయి తోటల్లోని మూడు బోర్లలో మాత్రం రెండూ ఎక్కువగా ఉన్నాయి. సాగునీరు తిరిగి ఇంకడంపై మీ వ్యాసంలోని నాలుగో బొమ్మ చూశాక, ఇక్కడ కూడా అదే కారణమా అన్న ప్రశ్న వచ్చింది. మీరు వాడిన ఐసోటోపు పద్ధతితో దీన్ని తేల్చవచ్చని అనుకుంటున్నాను, ఆ పద్ధతి నాకు ఇంకా రాదు. వచ్చే ఏడాది మీ బృందంలో పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకునే ఆలోచన ఉందా? సీవీ జతచేశాను. కావాలంటే నివేదిక పంపుతాను.’

అంతే. ఫోను తెరమీద రెండుసార్లు పైకి జరిపితే అయిపోవాలి. ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. రానిది రాదని చెప్పింది, దానివల్ల చిన్నతనం ఏమీ లేదు. చివరి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబివ్వవచ్చు, అందుకే జవాబు వస్తుంది. బొమ్మ సంఖ్య, వ్యాసం విషయం మనిషి మనిషికీ మారాలి. చదవని వ్యాసాన్ని చదివినట్టు రాయకండి. మొదటి ఫోను సంభాషణలోనే బయటపడుతుంది.

సంబోధన దగ్గర మనవాళ్లు చాలామంది తడబడతారు. ఊరూ పేరూ లేకుండా ‘సర్’ అని రాస్తే అందరికీ ఒకే మెయిల్ పంపారని తెలిసిపోతుంది. అవతల ఉన్నది మహిళ అయితే మరీ ఘోరం. నాకే ఎన్నోసార్లు ‘రెస్పెక్టెడ్ సర్’ అని వచ్చింది. డియర్ ప్రొఫెసర్ అని, పక్కన ఇంటిపేరు రాయండి. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర ఉంటుంది. చైనా, కొరియా వాళ్లకు మనలాగే ముందుంటుంది, కాని విదేశాల్లో ఉన్నవాళ్లు తరచూ చివరికి మార్చుకుంటారు. అనుమానముంటే వాళ్ల వెబ్‌సైట్‌లో విద్యార్థులు ఎలా పిలుస్తున్నారో చూడండి. మీ పేరు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. మెమో మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండి, మెయిల్ ఐడీలో ముద్దుపేరు ఉంటే ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఎలా ఉందో మెయిల్‌లోనూ, సీవీలోనూ అలాగే ఉంచండి. సీవీ రెండు పేజీలు, పీడీఎఫ్. పదో తరగతి మెమో నుంచి కుల ధ్రువీకరణ పత్రం దాకా పదకొండు ఫైళ్లు జతచేశారు. అవేవీ ఇప్పుడు అక్కర్లేదు.

ఇంకొక విషయం చెప్పాలి. ఎలా తీసుకుంటారో కాని చెప్పకుండా ఉండలేను. మీ సీవీ చివర రెండు ఫోటోలు పెట్టారు: ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కాళ్లు వంకరపోయి గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దాయన, గారపళ్ల పిల్లవాడు. వాటిని తీసేయండి. మా పెద్దమ్మ నడుము యాభై ఏళ్లకే వంగిపోయింది. చివరి ఆరేళ్లు ఆమె ఆకాశం వైపు చూడలేదు. ఆ ఫోటో పెట్టి నేను సీటు అడిగి ఉంటే ఆమె ముఖం ఎలా చూసేదాన్ని? జాలి వల్ల ఎవరూ పీహెచ్‌డీ సీటు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆ పెద్దాయనను ఫోటో ఎక్కడికి వెళ్తుందో చెప్పి అడిగారా? ఆయన ఏళ్ల తరబడి ఏ బోరు నీళ్లు తాగారో, అది ఎంత లోతు తవ్వారో, ఎప్పుడు ఎండిపోయిందో అడిగి రాసుకోండి. ఆయన జ్ఞాపకం మీ పరిశోధనకు పనికొచ్చే సమాచారం. ఆయన బాధకు మీరివ్వగలిగిన గౌరవం అది.

సమయం గురించి నాలుగు మాటలు. అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరు 1 నుంచి 15 లోపు ఉంటాయి. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మధ్యలోపు రాయండి. మీరు మే, జూన్ నెలల్లో రాశారు, అప్పుడు చాలామంది క్షేత్రపర్యటనల్లోనో సెలవుల్లోనో ఉంటారు. అక్టోబరులో మన సాయంత్రం ఆరున్నర అంటే న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది. మంగళ, బుధవారాల్లో ఆ వేళకు పంపితే కనబడే అవకాశం ఎక్కువ. రెండు వారాలు చూసి, అదే మెయిల్‌కు కొనసాగింపుగా రెండు వాక్యాల్లో ఒక్కసారి గుర్తుచేయండి. ఆపైన వదిలేయండి. ఒకే విభాగంలో ముగ్గురికి ఒకేసారి రాయకండి, వాళ్లు పక్కపక్క గదుల్లోనే ఉంటారు.

జవాబుల భాష కూడా తెలుసుకోవాలి. ‘దరఖాస్తు చేయండి, స్వాగతం’ అని ఒక్క ముక్క వస్తే అది మర్యాద, మాట ఇచ్చినట్టు కాదు. ‘ఈ ఏడాది తీసుకోవడం లేదు’ అంటే అది నిజం. కృతజ్ఞతలు చెప్పి, ఈ అంశం మీద ఇంకెవరికి రాస్తే బాగుంటుందో అడగండి. నాకు నా గైడ్ దొరికింది అలా కాదన్న ఒకరి ద్వారానే. ‘అరగంట మాట్లాడదామా’ అంటే అది నిజమైన ఆసక్తి. అప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: మీ జిల్లాకు మిషన్ భగీరథ ద్వారా నది నీళ్లు వచ్చాయి కదా, ఇంకా బోరు నీళ్ల మీద పరిశోధన ఎందుకు? దీనికి ఇప్పుడే జవాబు ఆలోచించుకోండి. పశువులు ఏం తాగుతున్నాయి, తోటలకు ఏ నీళ్లు పెడుతున్నారు, కుళాయి రాని రోజున ఇంట్లో ఏం చేస్తున్నారు అన్నవి మీ ఇంటి వాకిట్లో నిలబడి చూసి చెప్పగలరు. తర్వాత మీరూ అడగండి: ఐదేళ్లకూ స్టైపెండు ఖాయమా, విద్యార్థులు సగటున ఎన్నేళ్లలో పూర్తిచేస్తున్నారు, ఇప్పుడున్న విద్యార్థులతో మాట్లాడవచ్చా. మూడో ప్రశ్నకు తటపటాయిస్తే ఆ ల్యాబు వద్దు. ఎవరైనా, ఏ పేరుతోనైనా, సీటుకు డబ్బు అడిగితే మెయిల్ అక్కడితో ఆపేయండి. దరఖాస్తు రుసుము విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో మాత్రమే కట్టేది. దాన్ని మాఫీ చేయమని అడగవచ్చు, చాలాచోట్ల చేస్తారు. ఆర్థిక సాయంతో వచ్చే సీట్లకు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే గడువును అమెరికాలోని ఎక్కువ విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్నాయి. ముందే తేల్చమని తొందరపెడితే ఆ తేదీ గుర్తుచేయండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని ఉంది. పదిహేడో నంబరు బోరు దగ్గరికి ఈ వారమే వెళ్లండి. కాసేపు మోటారు నడవనిచ్చి, శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి, కాల్షియం మళ్లీ కొలవండి. మీ కాలేజీ ల్యాబులో ఈడీటీఏ టైట్రేషన్ గంట పని. ఆ అంకెలు పెట్టి కాల్షియం ఫ్లోరైడ్ సంతృప్త స్థాయి లెక్కించడానికి అమెరికా జియొలాజికల్ సర్వేవారి ఫ్రీక్ (PHREEQC) అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మొదటి కొలతే తప్పయితే మెయిల్‌లోని ప్రశ్న మారిపోతుంది, అది ఇప్పుడే తెలియాలి. సరైనదేనని తేలితే ఆ తోట రైతును బోరు ఎప్పుడు వేశారో, ఎన్ని అడుగులో, బత్తాయి ఎన్నేళ్లుగా ఉందో అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. కొలత, ఆ వివరాలు, కొత్త మెయిల్ చిత్తుప్రతి మూడూ ఇక్కడే పెట్టండి. వాక్యం వాక్యం చదివి దిద్దుతాను.